మందిరం కరెంటు మీద నడిచిన సైకిల్

మా వైపు ఫ్లోరైడ్ బోరు నీళ్లు పదిహేనేళ్లు తాగితే మోకాళ్లు ఏమవుతాయో తెలుసుకోవడానికి మర్రిగూడ చుట్టుపక్కల ఎవరినీ అడగనక్కరలేదు. నడకలు చూస్తే చాలు. నేను కోస్గి దగ్గర పుట్టినవాణ్ని. ఇరవై నాలుగో ఏట క్రైస్తవ సంఘసేవకు ఈ వైపు పంపారు. తొంభైల మొదటికల్లా నా మోకాళ్లు కూడా ఈ ఊరివే అయిపోయాయి. కింద కూర్చుంటే లేవడానికి గోడ కావాలి. సైకిల్ ఎక్కితే కుడి మోకాలు పెడల్ పైకి వచ్చినంత మేర ముడుచుకునేది కాదు. కుడి కాలిని పక్కకు చాపి, ఎడమ కాలితో తొక్కి, అదే పాదం వేళ్లతో పెడల్‌ను పైకి లేపి, మళ్లీ తొక్కేవాణ్ని.

నా ఊరు కాక మూడు పల్లెల సంఘాలు నా మీద ఉండేవి. ఆదివారం పొద్దున మా మందిరంలో ఆరాధన, మధ్యాహ్నం ఒక పల్లె, సాయంత్రం ఇంకొకటి. మూడో పల్లెకు బుధవారం. నెలకొకసారి ఒక్కో చోట ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం ఇవ్వవలసినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి నేను వెళ్లకపోతే ఆ నెల వాళ్లకు బల్ల లేదు. అందుకని వెళ్లేవాణ్ని.

నా భార్య కామెర్లతో పోయింది. అప్పటికి మా పాపకు ఏడాదిన్నర. సమాధి దగ్గర వాక్యం నేనే చెప్పాను. గొంతు వణకలేదు. అయ్యగారి విశ్వాసం గొప్పదని జనం అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. నలభై రోజులు కాకముందే పాపను మా అత్తకు అప్పగించాను. ఆమె ఊరు దేవరకొండ దారిలో ఉంటుంది, మా ఊరి నుంచి పదమూడు పద్నాలుగు కిలోమీటర్లు. బస్సు దిగి కూడా మూడు కిలోమీటర్లు నడవాలి. మొదట్లో నెలకొకసారి వెళ్లాను. తరువాత రెండు నెలలకు. ఆ తరువాత మోకాళ్ల వల్ల కాదన్నాను. మోకాళ్లు నిజమే. కానీ అవే మోకాళ్లతో మూడు పల్లెలకు పోతూనే ఉన్నాను. ఈ సంగతి మా బామ్మర్దికి తెలుసు.

అతను నా భార్యకు తమ్ముడు. దేవరకొండలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే చిన్న దుకాణం అతనిది. మందిరానికి వచ్చేవాడు కాదు. పిలిస్తే, నా మోటార్లు ఆదివారమే కాలిపోతాయి ఏంజెయ్యను అనేవాడు. అక్క ఉన్నప్పుడు వారానికొకసారి మా ఇంటికి వచ్చి తిని, నన్ను నాలుగు మాటలని పోయేవాడు. ఆమె పోయాక కూడా వచ్చాడు, తక్కువగా. ఒక రోజు రోడ్డు మీద నన్ను దాటి పోతున్న బస్సులో నుంచి నేను సైకిల్ తొక్కడం చూసి, ముందు స్టేజీలో దిగి, నేను వచ్చేదాకా నిలబడ్డాడు.

"బావా, నువ్వు సైకిల్ తొక్కుతున్నవా, సైకిలే నిన్ను తొక్కుతున్నదా?" అన్నాడు.

నేను దిగాను. దిగడానికి నాకు పట్టిన సమయం అతను చూశాడు. ఇంక నవ్వలేదు. సైకిల్ తనకు ఇమ్మన్నాడు. పదిహేను రోజులు ఆగితే కాలు కదపకుండా పోయేటట్టు చేసిస్తానన్నాడు. పల్లెల సంగతి ఏమిటని అడిగితే, పదిహేను రోజులు దేవుణ్నే వాళ్ల దగ్గరికి పొమ్మని చెప్పమన్నాడు. సైకిల్‌ను బస్సు మీద వేయించి, తానెక్కి, కిటికీలో నుంచి అన్నాడు:

"గిదైనంక శనివారం శనివారం మా అమ్మకాడికి రావాలె. పోరి నిన్ను మర్శిపోతున్నది."

నేను తల ఊపాను. తల ఊపడం మాట ఇవ్వడం కిందికి వస్తుందని అప్పుడు నాకు తోచలేదు.

వారం తరువాత చూద్దామని దేవరకొండ వెళ్లాను. దుకాణం ముందు నా సైకిల్ తలకిందులుగా ఉంది. ఎవరో అమ్మేసిన పాత ట్రాక్టర్ డైనమో ఒకటి దాని పక్కన ఉంది. డైనమో ఇంజన్ తిప్పితే తిరిగి బ్యాటరీకి కరెంటు ఇచ్చే వస్తువు అని మాత్రమే నాకు తెలుసు. అది సైకిల్‌ను ఎట్లా లాగుతుందని అడిగాను. అతను రెండు వైర్లు బ్యాటరీకి తగిలించాడు. డైనమో గిర్రున తిరిగింది.

"తిప్పితే కరెంటిస్తది, కరెంటిస్తే తిరుగుతది. గంతే బావా. నీ లెక్క కాదు ఇది. అడిగితే జవాబిస్తది."

వెనుక చక్రం చువ్వలకు ఎడమ పక్కన పిల్లల సైకిల్ రిమ్ము ఒకటి బిగించాడు. మొదట తీగతో కట్టాడట. హ్యాండిల్ మీది మీట నొక్కగానే రిమ్ము జారి, నాలుగు చువ్వలు విరిగాయట. రెండోసారి పట్టీలు కొట్టి బోల్టులు వేశాడు. డైనమో కొసకు చిన్న చక్రం. ఆ చిన్న చక్రాన్నీ ఈ పెద్ద రిమ్మునూ కలపడానికి పిండి గిర్నిలో అరిగి తీసేసిన పట్టాను, అంటే బెల్టును, సన్నగా, వేలెడు వెడల్పున కోసి పెట్టాడు. దాని రెండు కొసలనూ ఇనుప పళ్ల క్లిప్పుతో కలిపి మధ్యలో ఒక పుల్లలాంటి కడ్డీ దూర్చాడు. కడ్డీ లాగితే పట్టా ఊడి వస్తుంది. బ్యాటరీ అయిపోయిన చోట కడ్డీ లాగి, పట్టా చుట్టి సంచిలో వేసుకుంటే, మామూలు సైకిల్ మాదిరి తొక్కుకోవచ్చు, లేదా నెట్టుకోవచ్చు. పట్టా జారకుండా గుగ్గిలం పొడి రుద్దాలి. బ్యాటరీ కోసం క్యారియర్ మీద చెక్క పెట్టె. సీటును నా రెండు పాదాలు నేలకు ఆనేంత కిందికి దించాడు. పెడల్ మీద కాళ్లు పెడితే మోకాళ్లు మడవాలి కదా అని, కాళ్లు చాపుకోవడానికి ముందు వైపు అడ్డంగా ఇనుప కడ్డీ బిగించాడు. అది నేను అడగలేదు. నేను నిలబడి ఉండగా నా కాళ్ల వైపు ఒకసారి చూసి, కడ్డీని ఇంకో రెండు అంగుళాలు కిందికి జరిపాడు.

కూర్చునే నేలను తన్నుకుంటూ నాలుగడుగులు పోవాలి, అప్పుడు మీట నొక్కాలి. నిలబడ్డ చోటు నుంచి నొక్కితే పట్టా జారి కాలుతుంది. నొక్కాను. సైకిల్ ముందుకు పోయింది. దేవరకొండ బజారులో మేకలు పక్కకు తప్పుకున్నాయి. నా కాళ్లు కదలడం లేదు, చెట్లు కదులుతున్నాయి. మిగతావాళ్లయితే సంబరపడేవాళ్లు. ఇది పని చేస్తోంది అని మాత్రం నేను గమనించాను. అతను నా ముఖం చూసి స్పానర్ తుడుచుకున్నాడు.

బ్యాటరీకి రాత్రంతా కరెంటు పెట్టాలి. దానికి ఒక పెట్టె కూడా తనే చుట్టి ఇచ్చాడు. నేను ఉండే గదికి కరెంటు మందిరం మీటరు నుంచే వస్తుంది. అక్కడ మొదలైంది నా పొరపాటు.

రెండో వారం సంఘపెద్ద ఒకరు ఆరాధన అయ్యాక నవ్వుతూ, అయ్యగారి గుర్రం మందిరంలోనే మేస్తున్నది అన్నారు. అందరూ నవ్వారు. ఆయన మనసులో ఏమీ లేదు. నాకు మాత్రం ఆ మాట గుచ్చుకుంది. దేవుని మందిరానిది ఏదీ సొంతానికి వాడుకోకూడదన్నది చిన్నప్పటి నుంచి నేను నేర్చుకున్నది, నేర్పినది. ఆ తరువాతి ఆదివారం సైకిల్‌ను మందిరం లోపలికి తెచ్చి, బల్ల ముందు నిలబెట్టి, హ్యాండిల్ మీద చేతులుంచి ప్రార్థించాను. ఇది ప్రభువు పనికి ప్రతిష్ఠించబడింది, నా సొంత పని మీద ఒక్క అడుగు కూడా కదలదు అని పైకి చెప్పాను. సంఘం ఆమేన్ అంది. నన్ను ఎవరూ అట్లా చెప్పమనలేదు.

మాట ఇచ్చినవాడు నిలబెట్టుకోవాలి. కిరసనాయిలుకు నడిచి వెళ్లాను. పోస్టాఫీసుకు నడిచి వెళ్లాను. దవాఖానకు వెళ్లాలంటే బస్సుకోసం నిలబడ్డాను. సైకిల్ మందిరం గోడకు ఆని ఉండేది. నేను దాని పక్క నుంచే కర్ర పట్టుకుని వెళ్లేవాణ్ని. ఆదివారాలు, బుధవారం మాత్రం అది నన్ను మోసేది. ఇంతకు ముందు గంటన్నర పట్టే పల్లెకు ఇప్పుడు అరగంటలో చేరేవాణ్ని. గొర్ల కాపరులు దూరం నుంచే ఆ గుర్రుమనే చప్పుడు గుర్తుపట్టి మందను పక్కకు తోలేవాళ్లు. ప్రభువు పని సాగింది. ఇది నిజం, దాన్ని తక్కువ చేసి రాయను. ఎండాకాలంలో కూడా ఒక్క బల్ల తప్పలేదు.

శనివారం వచ్చేది. పాప దగ్గరికి వెళ్లడం నా సొంత పని. అందులో అనుమానం ఏముంది? శనివారం నేను ఆదివారపు వాక్యం రాసుకునేవాణ్ని. అట్లా పది నెలలు గడిచాయి. ఆ పది నెలల్లో నేను పాపను చూసింది ఒక్కసారి, అదీ మా అత్త ఎవరి పెళ్లికో పోతూ మా స్టేజీలో బస్సు ఆగినప్పుడు, కిటికీలో.

ఒక శుక్రవారం బామ్మర్ది, డైనమోలో కరెంటు అందించే బొగ్గు ముక్కలు అరిగిపోతే మార్చడానికి వచ్చాడు. కూర్చుని పని చేస్తూ, మాటల్లో, ఇన్ని నెలలుగా ఎందుకు రాలేదని అడిగాడు. చెప్పాను. ప్రతిష్ఠ సంగతి, మందిరం కరెంటు సంగతి, ఇచ్చిన మాట సంగతి వరుసగా చెప్పాను. నేను చెప్పింది నాకు సబబుగానే వినిపించింది. అతను కొత్త బొగ్గులు బిగించి, మూత వేసి, చేతులు తుడుచుకున్నాడు.

"పోరి ఎంత ఎత్తైంది బావా?" అన్నాడు.

నేను చెయ్యి చాపి చూపించాను, నడుముకు కొంచెం కింద. అతను వచ్చి నా మణికట్టు పట్టుకుని, జానెడు పైకి ఎత్తి, అక్కడ ఆపాడు.

"గింత," అన్నాడు.

వదిలాక కూడా నా చెయ్యి కాసేపు అక్కడే ఉంది. అతను సైకిల్ దగ్గరికి పోయి, కడ్డీ లాగి, పట్టా ఊడదీసి, చుట్టి తన సంచిలో వేసుకున్నాడు.

"పట్టా ఏడికి తీస్కపోతున్నవు?"

"మా అమ్మకాడ ఉంటది. వచ్చి తెచ్చుకో."

"ఎల్లుండి ఆదివారం. పల్లెలకు ఎట్ల పోవాలె నేను?"

"రేపు శనివారమున్నది గదా," అని బస్సుకు వెళ్లిపోయాడు.

నేను వెంటనే మా ఊరి పిండి గిర్నికి నడిచాను. పాత పట్టా ముక్క ఏదైనా ఉంటే కోసిమ్మని అడిగాను. గిర్ని ఆసామి నా ముఖం చూడకుండా గోధుమలు పోస్తూ చెప్పాడు: "ఉన్నది అయ్యగారూ. కానీ మీ బామ్మర్ది ఇప్పుడే గిటు నుంచి పోయిండు. మీకియ్యొద్దన్నడు. నా మోటారు కాలితే మల్ల ఆయినే జెయ్యాలె."

ఇంటికి వచ్చి ప్రార్థించాను. నాకు ఒకటే స్పష్టమైంది. పట్టా లేకపోతే బల్ల ఆగుతుంది. బల్ల ప్రభువు పని. కాబట్టి పట్టా కోసం వెళ్లడం ప్రభువు పనే. ఆ దారిన అయితే నేను వెళ్లవచ్చు. ఆ రోజు నేను ఇంత మెలిక తిప్పుకుంటేనే గాని నా బిడ్డ దగ్గరికి బయలుదేరలేకపోయాను. ఇన్నేళ్ల తరువాత దీన్ని రాస్తుంటే సిగ్గు ఉంది. కానీ ప్రభువు మనిషిని వాడి మెలికల్లో నుంచి కూడా నడిపిస్తాడని నేను నమ్ముతాను.

శనివారం బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడిచాను. దారిలో రెండుసార్లు రాళ్ల మీద కూర్చున్నాను. అత్త ఇంటి ముందు నాలుగేళ్ల పిల్ల ఒకతె మట్టిలో గీతలు గీస్తోంది. నన్ను చూసి లేచి లోపలికి కేక వేసింది.

"అవ్వా, అయ్యగారొచ్చిండ్రు."

మా అత్త నన్ను ఎప్పుడూ అట్లాగే అంటుంది. అల్లుడనే మాట ఆమె నోట రాదు, సేవకుణ్ని అయ్యగారనే పిలిచే సంఘపు మనిషి. ఇంట్లో వినపడిన మాటే పిల్లకు వచ్చింది. అత్త బయటికి వచ్చి, నా మోకాళ్లకు వీలుగా ఎత్తైన పీట వేసి, నీళ్లు ఇచ్చింది. పట్టా ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

కాసేపటికి పాప వచ్చింది. అవ్వ తువ్వాల తల మీద కప్పుకుని, చేతులు జోడించి, కళ్లు మూసుకుని నా ముందు తల వంచి నిలబడింది. సేవకుడు ఇంటికి వస్తే మా సంఘాల్లో పిల్లలు అట్లాగే వచ్చి నిలబడతారు. తల మీద చెయ్యి పెట్టి ఆశీర్వదించి ప్రార్థన చేయాలి. నేను చెయ్యి పెట్టాను. ఎన్ని వందల తలల మీద పెట్టానో ఆ చెయ్యి. మాటలు ఎప్పుడూ వెతుక్కోవలసి రాలేదు. ఆ రోజు ఒక్క మాట రాలేదు. ఏడుపూ రాలేదు. చేతి కింద వెంట్రుకలు ఎండకు వేడిగా ఉన్నాయి. అంత మాత్రం తెలిసింది.

ఆమేన్ అనడానికి ఎదురు చూసి చూసి, పాప ఒక కన్ను తెరిచింది.

"అయిపాయెనా?"

"కాలేదు," అన్నాను.

మళ్లీ మూసుకుంది. నేను అట్లాగే ఉన్నాను. లోపల అత్త గిన్నెల చప్పుడు ఆపేసింది. చివరికి, నేనెవరో ఎరుకేనా అని అడిగాను.

"ఎర్కే. అయ్యగారు."

"ఇంకా?"

"మా నాయిన," అంది. రెండూ ఒకే గొంతుతో అంది. పక్కింటి వాళ్ల పేరు, ఎదురింటి వాళ్ల పేరు చెప్పినట్టు. తరువాత అడిగింది: "మల్ల ఎప్పుడొస్తవు?"

"వచ్చే శనివారం."

ఆలోచించకుండా వచ్చింది ఆ మాట. చెప్పాక తెలిసింది, ఇప్పుడు నా మీద రెండు మాటలున్నాయని. బయలుదేరేటప్పుడు పట్టా అత్త తెచ్చి ఇచ్చింది. బస్సులో దాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. మందిరంలో ఇచ్చిన మాట సంఘం ఎదుట ఇచ్చింది. దాన్ని నాకు నేనే తీసేసుకోలేను. పిల్లకు ఇచ్చింది ఎవరి ఎదుటా కాదు. తప్పితే అడిగేవాళ్లు లేరు. అడిగేవాళ్లు లేని మాటను ఎంత తేలిగ్గా వదిలేయగలనో పది నెలలు చూశాను కదా.

మర్నాడు ఆరాధన చివర, ప్రకటనల దగ్గర, సంఘం ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ బండి సొంతానికి కదలదని మాట ఇచ్చాను, శనివారం నా బిడ్డ దగ్గరికి పోవాలని ఉంది, ఆ మాట నుంచి నన్ను విడిపించడం మీ చేతుల్లో ఉంది అన్నాను. వీలు కాదంటే నడిచి, బస్సు మీద పోతానని కూడా అన్నాను. గుర్రం మాట అన్న సంఘపెద్ద తల దించుకున్నారు. అందరికంటే పెద్దది, మందిరం ఊడ్చే అవ్వ ఒకామె చాప మీద నుంచే మాట్లాడింది.

"అయ్యా, నువ్వు శనివారం శనివారం గాడికే పోతున్నవనుకున్నం మేము. పోవద్దని నీకు ఎవరు జెప్పిన్రు?"

మందిరం కరెంటు కదా అవ్వా అన్నాను.

"అయితే? గా పోరి మందిరం బిడ్డ గాదా? పుట్టిన ఎనిమిది దినాలకు గీ చాప మీదనే పండవెడితిమి."

ఆమె లేవలేక, పక్కన కూర్చున్న వాళ్ల భుజం పట్టుకుని లేచి, బల్ల దగ్గరికి వచ్చింది. నన్ను తల వంచమంది. సంఘంలో ఒక సేవకుని తల మీద సభ్యురాలు చెయ్యి పెట్టి ప్రార్థించడం మా దగ్గర లేదు. నేను వంచాను. ఆమె చిన్న ప్రార్థన చేసింది. బండి నడవాలని, మోకాళ్లు సల్లగుండాలని, తండ్రీబిడ్డలు కలవాలని. సంఘం ఆమేన్ అంది. మధ్యాహ్నం పట్టా వేసుకుని పల్లెకు పోయాను.

శనివారం పొద్దున పట్టాకు గుగ్గిలం రుద్ది బయలుదేరాను. సంతోషం కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది. నాకు అప్పటికి ఏదీ కలగడం లేదు. కలగకపోయినా వెళ్లవచ్చునని మాత్రం ఆ వారం నేర్చుకున్నాను. సంతోషం కలిగిన తరువాత వెళ్దామని ఆగి ఉంటే ఇప్పటికీ ఆగే ఉండేవాణ్ని.

పాప ఆ రోజు సైకిల్ దగ్గరికి రాలేదు. చప్పుడుకు భయపడి గుమ్మం వెనుక నిలబడింది. నేను మీట ఆపి, గోడకు ఆనించి, ఎత్తుపీట మీద కూర్చున్నాను. అత్త కందికాయల గంప తెచ్చి వాకిట్లో పెట్టి తన పనికి పోయింది. పాప కాసేపు నన్ను, కాసేపు సైకిల్‌ను చూసి, వచ్చి గంపకు అటు పక్క కూర్చుంది. ఒక కాయ ఒలిచి గింజలు ముంతలో వేసింది. ఇంకొకటి ఒలిచింది. తరువాత గంపను రెండు చేతులతో నా వైపు తోసింది.

నేనూ ఒలిచాను.